తలుపుకి అడ్డం పెట్టిన రాయి

జేబులో పదకొండు పౌండ్లు.
అందులో రెండు తిరుగు బస్సుకి.
మిగిలిన తొమ్మిదికీ నాకు ఒక పదును కావాలి.

బెథెస్డా అవతల, గొర్రెల్ని తోలేసిన గడ్డినేలలో
శనివారం సంత.
వాన పడుతోందని ఇక్కడ ఎవరూ అనరు,
పడనప్పుడే చెప్పుకుంటారు.
కార్ల డిక్కీలు తెరిచి
చచ్చిపోయినవాళ్ల షెడ్లన్నీ పరిచేశారు:
పళ్లు రాలిన రంపాలు, పిడి లేని చిత్రికలు,
డబ్బా నిండా జత తప్పిన మడతబందులు.

కోటు లోపల నా ఉలి, పాత మేజోడులో చుట్టి.
దగ్గుమందు సీసాలో ఇంత నూనె.
నాకు పని నేర్పే మైరిగ్
మాటల్ని మేకుల్లా లెక్కపెట్టి వాడే మనిషి.
"పేరు కొనకు, రాయి కొను"
అని మాత్రం చెప్పి పంపాడు.

మొదటి బల్ల గార్మన్‌ది.
మఖమలు మీద అర్కాన్సా రాయి, అరవై పౌండ్లు.
అంచుని వెలుతురుకి ఎత్తి చూపించాడు.
దీపానికి అడ్డుపెట్టిన వేలికొసలా
లోపల్నించి పలచగా వెలిగింది.
దాన్ని మళ్లీ మఖమలు మీదే పడుకోబెట్టాను,
నిద్రపోయిన పరాయిపిల్లని దించినట్టు.

రెండో బల్ల మీద రెండు రంగుల ఫ్యాక్టరీ దిమ్మె.
మూడో అతను నల్లపలక ముక్క చూపించి
సానరాయేనని ఒట్టేశాడు.
మా ఊళ్లో ఇళ్లన్నిటికీ కప్పు ఆ పలకే.
అదే నిజమైతే నేను కప్పెక్కి నూరుకోనా?

రాయిని అడగడానికి నాకు మూడే ప్రశ్నలు తెలుసు.
వేలిముడితో కొడితే కుండలా పలకాలి,
బీటుంటే గొంతు బొంగురుపోతుంది.
గోరు ఆనిస్తే గీరకూడదు, నున్నగా తినాలి.
ఒక చుక్క నూనె వేస్తే
గటగటా తాగేసేది ముతకపనికి,
చుక్కని చుక్కలాగే నిలబెట్టుకునేది చివరిపనికి.
సరిగ్గా బదులిచ్చినవి నా తొమ్మిదికి అందలేదు.
అందినవి అబద్ధమాడాయి.

గట్టు దగ్గర హేల్వెన్ గుడ్లు అమ్ముతోంది.
గాలికి కొట్టుకోకుండా వ్యాను తలుపుకి
చెక్కపెట్టె ఒకటి అడ్డం పెట్టింది.
ఒకే దుంగలో తొలిచిన పెట్టె.
మూత మీద ఎప్పుడో ఉలి జారిన గాటు.
తెరిస్తే, నూనె మడ్డికట్టి
నల్లబెల్లం అచ్చులాంటి రాయి.
నడుమ గుంట, గరిటె లోతున.

"రాయికి కూడా డబ్బులా!" అని నవ్వింది.
"మా ఆయన మేనత్తది. మోర్ఫిడ్.
చాపెల్ బల్లలు బాగుచేసేది.
బరువుంటుంది కదా అని ఉంచాను.
నాలుగియ్యి. కొసరుగా మూడు గుడ్లు పట్టుకుపో."

బస్సులో ఒళ్లో పెట్టుకుని చూశాను.
గుంట నడిమధ్యన లేదు, ఎడమకి ఒరిగి ఉంది.
ఎడమచేతి మనిషన్న మాట.
నాది కుడి.
గచ్చు మీద ఇసుకా నీళ్లూ పోసి రుద్దితే
మూడు సాయంత్రాల్లో చదునైపోతుంది.
కానీ నేనెన్నడూ చూడని మనిషి
భుజం ఎటు వాలేదో చెబుతున్న రాయిని
నోరు మూయించాలంటే
చెయ్యి రాలేదు.

మైరిగ్ ఏమీ అనలేదు.
రాయిని పెట్టెలోంచి పెకలించి
తిరగేశాడు.

అడుగువైపు కొత్తది.
గనిలో రంపం కోసిన చారలు
ఇంకా అలాగే ఉన్నాయి.
అన్నేళ్లు నూరి కూడా ఆవిడ
రెండో ముఖాన్ని ఖర్చుపెట్టలేదు.
పొదుపో, మరుపో, నాకు తెలీదు.

ఆ చారలు పోయేదాకా రుద్దాను.
ఆకుపచ్చ నీడ ఆడే బూడిదరంగు తేలింది.
ఐద్వాల్ సరస్సు దగ్గర తీసింది కావచ్చన్నాడు మైరిగ్,
కావచ్చు అన్నాడంతే.
నిదానమైన రాయి.
అరవై పౌండ్లది అయిదు నిమిషాల్లో ఇచ్చే పదునుకి
ఇది పావుగంట అడుగుతుంది.
నా దగ్గర డబ్బు లేదు గానీ
పావుగంటలున్నాయి.
గుంటవైపు గుండ్రటి ఉలులకి ఉంచాను,
వాటి వీపు అందులో సరిగ్గా ఒదుగుతోంది.
నూరినప్పుడల్లా పరీక్షించి పరీక్షించి
ముంజేతి మీద వెంట్రుక మిగల్లేదు.

మొన్న శనివారం ఈ సంగతి చెబుదామని వెళ్లాను.
వ్యాను తలుపుకి ఇటుక పెట్టి ఉంది.
"ఇదీ బాగానే ఆగుతోంది"
అంది హేల్వెన్.